దాల్చినచెక్క రోజూ తాగేవాళ్ళు ముందు అది ఏ చెక్కో చూసుకోండి

గాజువాక నుంచి ఒకమ్మాయి అడిగారు. వాళ్ళ అత్తగారికి షుగర్ వచ్చి నాలుగేళ్ళయిందట, టాబ్లెట్లు వాడుతున్నారు, నెల రోజుల నుంచి యూట్యూబ్ లో చూసి పొద్దున ఒక స్పూన్, రాత్రి ఒక స్పూన్ దాల్చినచెక్క పొడి వేడినీళ్ళలో కలుపుకుని తాగుతున్నారట. పొడి అయిపోయి షాపుకెళ్తే రెండు రకాల చెక్క చూపించారు, ఒకటి చవక, రెండోది దానికి మూడు నాలుగు రెట్లు. ఏది కొనాలి, నిజంగా షుగర్ తగ్గుతుందా, ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని.

సూటిగా చెప్తాను. కూరల్లోకి, బిర్యానీలోకి అయితే ఆ చవక చెక్క చాలు, వాటికి అదే బాగుంటుంది కూడా. రోజూ మందులాగా తాగాలనుకుంటే మాత్రం సిలోన్ చెక్కే (శ్రీలంక నుంచి వచ్చే ఖరీదైన రకం) కొనండి, అదైనా రోజుకి అర టీస్పూన్ దాటొద్దు. షుగర్ కాస్త తగ్గితే తగ్గొచ్చు, అంతే, టాబ్లెట్ చేసే పని చెక్క చెయ్యదు. ఇప్పటిదాకా ఆవిడ తాగింది మామూలు పొడే అయితే (తొంభై శాతం అదే అయ్యుంటుంది) రోజుకి రెండు స్పూన్లు చాలా ఎక్కువమ్మా, ఈ రోజే ఆపించండి. కంగారు పడాల్సిన పని లేదు, ఎందుకో కింద చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. వైజాగ్ పూర్ణా మార్కెట్ లో మాది మసాలా దినుసుల షాపు, నాన్నగారు పెట్టింది, నేను కూర్చోవడం మొదలెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. చెక్క గురించి చేత్తో పట్టుకుని చెప్పగలను, ఆరోగ్యం సంగతి మాత్రం కస్టమర్లు అడిగి అడిగి నేను చదువుకున్నది, మా ఫ్యామిలీ డాక్టర్ గారిని అడిగి తెలుసుకున్నది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే మనం దాల్చినచెక్క అని ఒకే పేరు పెట్టి రెండు వేర్వేరు చెట్ల బెరడు వాడుతున్నాం. రెండూ ఒకే కుటుంబం, అన్నదమ్ముల పిల్లల్లాంటివి, కానీ ఒకటి కాదు. ఒకటి శ్రీలంకది, దాన్నే మేం సిలోన్ చెక్క అంటాం. రెండోది కాసియా, చైనా, వియత్నాం, ఇండోనేషియాల నుంచి వస్తుంది, మన మార్కెట్లో "చెక్క ఇవ్వండి" అంటే ఎవరైనా ఇచ్చేది ఇదే. ఆ మాటకొస్తే బిర్యానీ ఆకు కూడా ఈ కుటుంబానిదే, హిమాలయాల వైపు పెరిగే చెట్టు ఆకు. ఫుడ్ సేఫ్టీ వాళ్ళ నిబంధనల్లో కూడా సిన్నమన్ వేరు, కాసియా వేరు, రెంటికీ విడివిడిగా ప్రమాణాలున్నాయి. కానీ కొట్లో ఆ తేడా ఎవరూ చెప్పరు, అడిగేవాళ్ళూ తక్కువ. మన పేరు చూడండి, దాల్చిన అనే మాట పారసీ వాళ్ళ "దార్ చీనీ" నుంచి వచ్చింది, చైనా చెక్క అని అర్థం. అంటే పేరులోనే చైనా కూర్చుంది.

గుర్తుపట్టడం ఎలా: సిలోన్ చెక్కని అడ్డంగా చివర నుంచి చూడండి, చుట్ట లోపల చుట్ట, పల్చటి పొరలు బోలెడు కనిపిస్తాయి, పొగాకు చుట్టలాగా లోపలంతా నిండి ఉంటుంది. వేళ్ళతో నలిపితే పొడిపొడి అయిపోతుంది. రంగు లేత గోధుమ. వాసన మెత్తగా, తియ్యగా, కొంచెం నిమ్మతొక్క తగిలినట్టు ఉంటుంది. కాసియా ఒకటే మందపాటి పొర, గట్టిగా కర్రలా ఉంటుంది, విరిస్తే టక్కుమంటుంది, రంగు ముదురు ఎరుపు, నాలిక మీద పెడితే ఘాటు, కొంచెం వగరు. మిక్సీలో వేస్తే టకటకా చప్పుడు చేస్తుంది, ఒక్కోసారి బ్లేడు కూడా అరిగిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక దగ్గర మోసపోతున్నారు. కాసియాలోనే సిగార్ రకం అని ఒకటుంది, వియత్నాం నుంచీ ఇండోనేషియా నుంచీ నున్నగా గొట్టాల్లా చుట్టుకున్నది వస్తుంది, చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. చుట్టగా ఉంది కదా అని దాన్ని సిలోన్ అని అమ్మేస్తున్నారు, కొనేవాళ్ళు కూడా నమ్మేస్తున్నారు. చుట్ట ఉందా లేదా అన్నది కాదు చూడాల్సింది, లోపల ఖాళీగా గొట్టంలా ఉంటే కాసియా, లోపల పొరలు కుక్కి ఉంటే సిలోన్. కాయితంలా పల్చగా ఉండాలి ఆ పొర.

పొడిలో తేడా కనుక్కోవడం కష్టం. కొంచెం పొడి వేడినీళ్ళలో వేసి పది నిమిషాలు ఉంచితే కాసియా జిగురు జిగురుగా సాగుతుంది, గ్లాసు అడుగున ముద్ద కడుతుంది. సిలోన్ పొడి అంత జిగురు రాదు. మీ అత్తగారి గ్లాసు అడుగున చివర్లో జారుడుగా ముద్ద మిగులుతోందేమో గమనించండి. టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే కాసియా పొడి ముదురు నీలంగా మారుతుంది, మంచి సిలోన్ పొడికి పెద్దగా రంగు మారదు, ఇది పాత పద్ధతి.

ధర అంత తేడా ఎందుకని అడుగుతారు అందరూ. చెక్క తీసే పద్ధతి తెలిస్తే ఆ ధర ఎక్కువ అనిపించదు. శ్రీలంకలో ఆ చెట్టుని చెట్టులా పెరగనివ్వరు, మొదలుదాకా నరికేస్తారు, అప్పుడు పొదలాగా బోలెడు కొమ్మలు లేస్తాయి. ఆ కొమ్మలు బొటనవేలు లావు దాటాక వానలు పడ్డ తర్వాత కోస్తారు, ఎందుకంటే అప్పుడే లోపల రసం ఎక్కి బెరడు కొమ్మ నుంచి వదులవుతుంది. పైన గరుకు తోలు గీకేస్తారు, ఇత్తడి కడ్డీతో రుద్దుతారు, తర్వాత చిన్న కత్తితో రెండు వైపులా గీత పెట్టి లోపలి బెరడుని కాయితంలా ఒలుస్తారు. ఆ కాయితాలు ఆరేకొద్దీ వాటంతటవే చుట్టుకుంటాయి, పెద్ద చుట్టలోకి చిన్న ముక్కలు కూరి, ఒకదానికొకటి అతికించి మూడడుగులు దాటే కర్రల్లా చేసి, తాళ్ళ మీద నీడలో ఆరబెడతారు. ఇదంతా చేత్తోనే. అక్కడ సలగామ అనే కులం వాళ్ళు వందల ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నారు. అన్నింటికన్నా సన్నగా ఉండేదాన్ని ఆల్బా గ్రేడ్ అంటారు, చిటికెన వేలంత కూడా ఉండదు, తర్వాత కాంటినెంటల్, మెక్సికన్, హాంబర్గ్ అని గ్రేడ్లు దిగుతాయి. ఇంట్లో వాడకానికి ఆల్బా అక్కర్లేదు, ఏ గ్రేడైనా సిలోన్ సిలోనే. 2022 లో యూరప్ వాళ్ళు సిలోన్ సిన్నమన్ అన్న పేరుకి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు, మన అరకు కాఫీకి జీఐ ఉన్నట్టే.

కాసియాకి అంత పని లేదు, చెట్టుని పెద్దగా పెరగనిచ్చి మందంగా బెరడు ఒలుస్తారు. ఎక్కువ పంట, తక్కువ కూలి, అంచేత చవక.

చరిత్ర గురించి మీరు అడగలేదు గానీ ఈ చెక్క కోసం జరిగినంత గొడవ ఇంకే చెక్కకీ జరగలేదు, కొంచెం చెప్తాను. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దాల్చినచెక్క ఎలా దొరుకుతుందో ఒక కథ రాశాడు. అరేబియాలో పెద్ద పెద్ద పక్షులు ఎక్కణ్ణుంచో ఈ పుల్లలు తెచ్చి మనిషి ఎక్కలేని కొండ అంచుల్లో గూళ్ళు కట్టుకుంటాయట, అక్కడి వాళ్ళు ఎద్దు మాంసం పెద్ద ముక్కలు కింద పడేస్తే పక్షులు వాటిని గూళ్ళలోకి మోసుకెళ్తాయట, ఆ బరువుకి గూడు విరిగి కింద పడితే పుల్లలు ఏరుకుంటారట. వ్యాపారం చేసేవాడిగా నాకు ఇది చదవగానే విషయం అర్థమైంది. సరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో కొనేవాడికి తెలిస్తే నేరుగా అక్కడికే పోతాడు, అది తెలియకుండా కథ అల్లారు. తర్వాత కాలంలో రోమన్ రచయిత ప్లినీ కూడా ఇవన్నీ ధర పెంచుకోడానికి చెప్పిన కట్టుకథలని రాశాడు.

చాలా కాలం తర్వాత 1505 లో పోర్చుగీసు వాళ్ళ ఓడలు శ్రీలంక చేరాయి. 1518 లో కొలంబోలో కోట కట్టారు, అక్కడి రాజు దగ్గర కప్పం కింద చెక్క తీసుకున్నారు. తర్వాత డచ్చి వాళ్ళు వచ్చి 1658 నాటికి పోర్చుగీసు వాళ్ళని పూర్తిగా వెళ్ళగొట్టారు, కారణాల్లో పెద్దది ఈ చెక్కే. అప్పటిదాకా అడవి చెట్ల నుంచి ఒలుచుకు రావడమే గానీ తోటలు లేవు, పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో డచ్చి వాళ్ళే కొలంబో దగ్గర తోటలు వేయించారు. 1796 లో బ్రిటిష్ వాళ్ళ చేతికి వచ్చింది. ఆ రోజుల్లోనే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మన కేరళలో కన్నూర్ దగ్గర అంజరకండిలో కూడా దాల్చిన తోట వేశారు.

మన భీమిలిలో బీచ్ దగ్గర పాత డచ్చి సమాధులు చూసే ఉంటారు. ఆ సమాధుల్లో ఉన్నవాళ్ళు సిలోన్ చెక్క మీద గుత్తాధిపత్యం నడిపిన డచ్చి కంపెనీ మనుషులే. భీమిలిలో బట్టల వ్యాపారం, కొలంబోలో చెక్క వ్యాపారం, రెంటికీ ఒకటే కంపెనీ. 1825 లో భీమిలి బ్రిటిష్ వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. పిల్లల్ని తీసుకుని అటు వెళ్ళినప్పుడల్లా నేను ఈ సంగతి చెప్తాను, వంటింట్లో డబ్బాలో ఉన్న ముక్కకీ ఆ రాళ్ళకీ సంబంధం ఉందంటే వాళ్ళకి భలే ఆశ్చర్యం.

సరే, అసలు విషయానికి వస్తాను, కూమరిన్. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చాలా మొక్కల్లో సహజంగా ఉండే పదార్థం ఇది, తియ్యటి వాసన వేస్తుంది. ఎక్కువ రోజులు ఎక్కువగా ఒంట్లోకి వెళ్తే కొంతమందికి లివర్ మీద ప్రభావం చూపిస్తుంది. అందరికీ కాదు, కొంతమంది ఒళ్ళు దానికి పడదు, ఎవరికి పడదో ముందే తెలుసుకునే దారి లేదు. కాసియాలో ఇది గ్రాముకి సుమారు 3 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక్కో లాట్ లో ఇంకా ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండొచ్చు. సిలోన్ చెక్కలో లెక్కలోకి రానంత తక్కువ.

యూరప్ ఆహార భద్రతా సంస్థ వాళ్ళు పెట్టిన పరిమితి ఏంటంటే, మనిషి బరువు కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాము, జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదనే లెక్క అది. ఇప్పుడు మీ అత్తగారు 50 కిలోలు ఉన్నారనుకోండి, రోజుకి 5 మిల్లీగ్రాములు. ఒక టీస్పూన్ కాసియా పొడి రెండున్నర గ్రాములు తూగుతుంది, అంటే అందులో సుమారు ఏడున్నర మిల్లీగ్రాముల కూమరిన్. ఒక్క స్పూన్ తోనే పరిమితి దాటిపోయింది, రెండు స్పూన్లంటే 15, పరిమితికి మూడు రెట్లు. అందుకే వెంటనే ఆపమన్నాను. కంగారు వద్దని ఎందుకన్నానంటే, ఆ సంస్థే ఒకటి రెండు వారాలు మూడు రెట్లదాకా వెళ్ళినా పెద్ద ప్రమాదం కాదని చెప్పింది, ఈవిడకి నెల అయింది కాబట్టి ఈసారి షుగర్ టెస్టుకి వెళ్ళినప్పుడు లివర్ టెస్టు కూడా చేయించండి, డాక్టరుగారికి ఇన్ని రోజులు ఇంత తాగారని దాచకుండా చెప్పండి. ఎక్కువమందికి ఆపేస్తే సర్దుకుంటుంది.

మా దగ్గర సరుకు తీసుకునే రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఉన్నారు, సీతమ్మధారలో ఉంటారు. ఆయన బరువు తగ్గాలని కాసియా పొడి తేనెలో కలిపి ఆరేడు నెలలు తిన్నారు, మా షాపులో కొన్నదే. మామూలు చెకప్ లో లివర్ ఎంజైములు ఎక్కువ వచ్చాయి. మద్యం తాగే అలవాటు లేదు, ఏమేం తింటున్నారో రాసుకురమ్మని డాక్టర్ అడిగితే ఈ పొడి బయటపడింది. ఆపేశాక రెండు నెలల్లో మామూలుకి వచ్చాయి. దీనివల్లే అని ఎవరూ రుజువు చెయ్యలేదు, ఆయన వేరే మాత్రలు కూడా వేసుకునేవారు. కానీ ఆయన నా కౌంటర్ దగ్గర నిలబడి ఈ సంగతి చెప్పిన రోజు నుంచి, ఎవరైనా పావుకిలో కన్నా ఎక్కువ పొడి అడిగితే "దేనికండీ" అని అడక్కుండా నేను ఇవ్వడం లేదు. అంతకుముందు ఇన్నేళ్ళు అడక్కుండానే ఇచ్చానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మరి షుగర్ తగ్గుతుందా? ఈ ప్రచారం అంతటికీ మొదలు 2003 లో వచ్చిన ఒక స్టడీ. పాకిస్తాన్ లో టైప్ 2 షుగర్ ఉన్న 60 మందిని తీసుకుని, వాళ్ళలో సగం మందికి రోజుకి 1, 3, 6 గ్రాముల చొప్పున 40 రోజులు కాసియా ఇచ్చి చూశారు, పరగడుపు షుగర్ 18 నుంచి 29 శాతం దాకా తగ్గిందన్నారు. అది విని ప్రపంచమంతా చెక్క మీద పడింది. తర్వాత చాలా చోట్ల చేశారు, కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో తగ్గలేదు. 2012 లో కోక్రేన్ అని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి చూసే సంస్థ వాళ్ళు పది ట్రయల్స్, 577 మందిని కలిపి చూసి షుగర్ కి దీన్ని వాడమని చెప్పడానికి సరిపడా ఆధారం లేదన్నారు. 2013 లో ఇంకొకళ్ళు కలిపి చూస్తే పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ కొంచెం తగ్గాయి గానీ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. డాక్టర్లు చూసేది ముఖ్యంగా ఆ సగటే. అందుకే "తగ్గితే తగ్గొచ్చు" అని అన్నాను పైన, అంతకుమించి చెప్తే అబద్ధం అవుతుంది.

ఇంకో సంగతి గమనించండి, స్టడీల్లో ఎక్కువ భాగం చేసింది కాసియాతో. సిలోన్ చెక్కతో చేసినవి తక్కువ. అంటే పని చేస్తుందని పేరొచ్చింది ఒక చెక్కకి, రోజూ తినడానికి భద్రమైంది ఇంకో చెక్క. సిలోన్ అమ్మే వాళ్ళెవరూ ఈ మాట చెప్పరు, నేనూ అమ్ముతాను కాబట్టి చెప్తున్నాను. అయినా సిలోనే ఎందుకు కొనమంటున్నానంటే, రావచ్చో రాకపోవచ్చో తెలియని చిన్న లాభం కోసం లివర్ ని పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

టాబ్లెట్ మాత్రం ఆపొద్దు. ఇది ఎందుకు పదే పదే చెప్తున్నానంటే, మా వీధిలోనే ఒకావిడ దాల్చిన కషాయం మొదలెట్టి పది రోజులు షుగర్ బాగా వచ్చిందని టాబ్లెట్ మానేశారు, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలకి కాలి బొటనవేలు దగ్గర పుండు మానక చూపించుకుంటే షుగర్ నాలుగు వందలు దాటింది. వేలు దక్కింది, కానీ మూడు వారాలు హాస్పిటల్లో ఉండాల్సొచ్చింది. ఆ పది రోజులు షుగర్ బాగా రావడానికి కారణం చెక్క కాదు, కషాయం మొదలెట్టినప్పుడే ఆవిడ స్వీట్లు, రాత్రి అన్నం కూడా మానేశారు. టాబ్లెట్ తో పాటు చెక్క ఎక్కువగా తీసుకుంటే షుగర్ మరీ పడిపోయే అవకాశం కూడా ఉంది, కాబట్టి డాక్టర్ కి తెలియకుండా వద్దు.

వీళ్ళు రోజూ తాగడం అసలు పెట్టుకోవద్దు: లివర్ సమస్య ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు, గర్భిణులు, చిన్నపిల్లలు. కూరలో వేసుకున్నదానికి వీళ్ళకీ ఇబ్బంది లేదు, పరిమాణమే తేడా. దాల్చిన నూనె అస్సలు కడుపులోకి తీసుకోకండి, చర్మానికి నేరుగా తగిలినా మండి బొబ్బలొస్తాయి. పొడిని ఉత్తగా నోట్లో పోసుకోవడం కూడా ప్రమాదం, పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే అది కరగదు, అక్కడే ఉండిపోతుంది, పిల్లల దగ్గర మరీ జాగ్రత్త.

ఇన్ని జాగ్రత్తలు చెప్పానని చెక్క చెడ్డదనుకోవద్దు. ఆయుర్వేదంలో దీన్ని త్వక్ అంటారు, చెక్క, యాలకులు, ఆకుపత్రి కలిస్తే త్రిజాతకం. దగ్గుకి వాడే సితోపలాది చూర్ణం ఎలా చేస్తారో చూడండి, పటికబెల్లం 16 పాళ్ళు, వెదురుప్పు 8, పిప్పళ్ళు 4, యాలకులు 2, దాల్చినచెక్క 1 పాలు. మన చింతపల్లి ఏజెన్సీ పిప్పళ్ళకి పేరు కదా, ఆ పిప్పళ్ళు నాలుగు పాళ్ళు పడితే చెక్క ఒక్క పాలే. పెద్దవాళ్ళకి దాని ఘాటు తెలుసు, అందుకే కొంచెమే వేశారు. స్పూన్లకి స్పూన్లు తాగమని నాకు తెలిసిన ఏ పాత పద్ధతిలోనూ లేదు. భోజనం తర్వాత కడుపు ఉబ్బరంగా ఉంటే చిన్న ముక్క టీలో మరిగించుకుంటే హాయిగా ఉంటుంది, ఇది నాకు రోజూ అనుభవం.

వంటలో ఏది ఎక్కడ అన్నది కూడా చెప్పేస్తాను. దమ్ బిర్యానీ, మటన్ కూర, గరం మసాలా, ఎక్కువసేపు ఉడికేవి ఏవైనా సరే కాసియానే. సిలోన్ వాసన సున్నితం, అంతసేపు మంట మీద నిలబడదు. ద్వారకానగర్ వైపు మెస్ నడిపే కుర్రాడు ఒకడు మంచిది వాడదామని బిర్యానీలోకి సిలోన్ చెక్క తీసుకెళ్ళాడు, నాలుగు రోజులకి తిరిగొచ్చి బాబాయ్ కస్టమర్లు మసాలా తగ్గించావేంటని అడుగుతున్నారన్నాడు. వాడు తగ్గించలేదు, చెక్క మారింది. ఎంతైనా కిలో బియ్యం బిర్యానీలో పడేది నాలుగైదు గ్రాముల ముక్కలు, తినేది పది మంది, ముక్క ఎలాగూ పక్కన తీసి పెట్టేస్తాం, అక్కడ కూమరిన్ గురించి ఆలోచించక్కర్లేదు. పాయసం, టీ, కేక్, పాలు, ఆపిల్ ముక్కల మీద చల్లుకోడానికి అయితే సిలోన్. పరమాన్నంలో యాలకులతో పాటు చిటికెడు సిలోన్ పొడి దింపేముందు వేసి చూడండి, మా ఇంట్లో ఇప్పుడు అది లేకుండా చెయ్యట్లేదు.

పొడి కొనకండి, చెక్క కొని ఇంట్లో పట్టుకోండి. పొడిలో ఏం కలిపారో కంటికి తెలియదు. నూనె తీసేసిన పిప్పి చెక్క కూడా పొడిలో కలిసిపోతుంది, రంగు ఉంటుంది, సారం ఉండదు. 2023 లో అమెరికాలో పిల్లలు తినే ఆపిల్ గుజ్జు ప్యాకెట్లలో సీసం బయటపడింది, తీరా చూస్తే అది అందులో వేసిన దాల్చిన పొడి నుంచి వచ్చింది, రంగు కోసం కలిపిన రసాయనమని తేలింది, చాలామంది పిల్లల రక్తంలో సీసం పెరిగింది. అప్పటినుంచి మా మనవరాలికి పెట్టే దేంట్లోనూ బయటి పొడి వెయ్యనివ్వను.

దాచుకోవడం కూడా ముఖ్యమే, మన వైజాగ్ గాలికి మరీ. సముద్రం తేమకి చెక్క మెత్తబడి బూజు పడుతుంది, లోపలి పొరల్లో పడితే పైకి కనపడదు. 2014 హుద్‌హుద్ కి మా గోడౌన్ రేకులు లేచిపోయి బస్తాలన్నీ తడిశాయి. ఎండబెడితే పనికొస్తాయని పది రోజులు డాబా మీద పోశాం, పైకి కొత్త సరుకులాగే కనిపించింది, విరిచి వాసన చూస్తే అట్టముక్కలా ఉంది, లోపల తెల్లటి బూజు. మొత్తం పారబోశాం. ఒకసారి తడిసిన చెక్క మళ్ళీ మామూలు చెక్క కాదు. గాలి చొరని గాజు సీసాలో, స్టవ్ కి దూరంగా పెట్టుకుంటే ముక్కలు రెండేళ్ళయినా ఉంటాయి, పొడి మాత్రం నెలకి సరిపడా పట్టుకుంటే చాలు.

ఇక మీ అత్తగారికి ఎలా ఇవ్వాలంటే, ముందు డాక్టరుగారిని అడగండి, సరేనంటే అప్పుడే. రెండంగుళాల సిలోన్ ముక్క ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో వేసి గ్లాసు అయ్యేదాకా సన్నమంట మీద మరిగించి వడకట్టి ఇవ్వండి, రోజుకి ఒక్కసారి. పొడి నీళ్ళలో కరగదు, గొంతుకి అడ్డం పడుతుంది, పెద్దవాళ్ళకి మరిగించిన నీళ్ళే సుఖం. చక్కెర, తేనె కలపొద్దు, తేనె కూడా షుగరేనమ్మా, దాల్చిన తేనె మంచిదని షుగర్ ఉన్నవాళ్ళు స్పూన్లకొద్దీ తినడం నేను చాలామందిలో చూశాను. మూడు నెలలు చూసి హెచ్‌బీఏ1సీ చేయించండి, తేడా లేకపోతే మానేసి ఆ డబ్బు కూరగాయలకి పెట్టండి. ఆవిడకి అలవాటైపోయి మానలేకపోతుంటే మధ్యాహ్నం పల్చటి మజ్జిగ ఇచ్చి చూడండి, కొంతమందికి వేడివేడిగా ఏదో ఒకటి తాగడమే ఊరట, అలాంటప్పుడు జీలకర్ర నీళ్ళకి మార్చినా సరిపోతుంది.

షాపులో చూపించిన ఆ ఖరీదైన రకం కొనేముందు ఒక ముక్క అడిగి చివర నుంచి చూడండి. పొరలు నిండుగా ఉంటే తీసుకోండి. ఖాళీ గొట్టంలా ఉంటే అది సిగార్ కాసియా, ఎంత మెరుస్తున్నా ఆ ధర పెట్టొద్దు. ఏది కనిపించిందో ఇక్కడే రాయండి, ఫొటో పెడితే ఇంకా మంచిది, చూసి చెప్తాను.